పిల్లల బడికి పిడికెడు గింజలు

పిల్లల కోసం అని అడిగితే మనవాళ్ళు లేదనరు. పెళ్ళిలో గాని, పండుగలో గాని, "పిల్లలకేదైనా చెయ్యండి" అన్నారంటే జేబులో చెయ్యి పెడతారు. అది మనవారి మంచితనం. కాని యెంత కావాలి, దేనికి కావాలి, యెప్పటికి కావాలి అని అడిగేవారు మాత్రం నూటికి ఒకరుంటారు. చర్చిలో పిల్లల పని నడిపిన యే యింటివారిని అడిగినా యీ సంగతే చెబుతారు. దాతలు లేక ఆగిపోయిన బడులు తక్కువ. యిచ్చినది వేళకు అందక, అవసరమైన చోటికి చేరక ఆగిపోయినవే యెక్కువ.

మాది బొమ్మిడి. జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలుదారిలో మొరప్పూరు దాటిన తరువాత వచ్చే స్టేషను. దక్షిణాన సేర్వరాయన్ కొండలు కనబడుతూ వుంటాయి. 1965లో సేలం జిల్లాను విడదీసి ధర్మపురి జిల్లా చేసినప్పుడు మావూరు యిటు వచ్చింది. మా తాతల తరానికి ముందే యిక్కడ స్థిరపడ్డాము. యింట్లో తెలుగు, వీధిలో తమిళం, దేవుని దగ్గర రెండూ. యీ పత్రిక చదివే కుటుంబాలలో అన్ని మతాలవారూ వున్నారని మేమెరుగుదుము. మేము చెప్పబోయేది మా చర్చి పిల్లల సంగతే అయినా, భజన మండలి నడిపేవారికీ, సెలవుల్లో పిల్లలకు శ్లోకాలు నేర్పేవారికీ గూడా పనికివస్తుందనే నమ్మకంతో రాస్తున్నాము.

ముందు ఆ పని యేమిటో చెప్పాలి. ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక ఒక గంట ఆదివారపు బడి. నాలుగేళ్ళ పిల్లల నుంచి పద్నాలుగేళ్ళవారి దాకా వస్తారు. పాట, కథ, కంఠత వాక్యం, చివర ప్రార్థన. యిదిగాక మే నెలలో పది రోజులు సెలవుల బైబిలు బడి. వుదయం తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం భోజనంతో ముగుస్తుంది. యీ భోజనమే అన్నిటికంటె పెద్ద ఖర్చు. అన్నిటికంటె ముఖ్యమైనదీ అదే. తమిళనాడులో కామరాజుగారు 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ఎం.జి.ఆర్. గారు 1982లో దానిని పెద్దయెత్తున విస్తరించారు. 2022లో వుదయపు ఫలహారం గూడా వచ్చింది. అవన్నీ బడి తెరిచిన రోజులకు. మేలో బడికి తాళం పడుతుంది. తల్లిదండ్రులు కూలికి పోతారు, కొందరు తిరుప్పూరుకో బెంగుళూరుకో పోతారు. పిల్లలు అవ్వల దగ్గర వుంటారు. అవ్వ వండితే తింటారు, లేకుంటే మామిడి తోపుల వెంట తిరుగుతారు. అటువంటి పిల్లలకు పది రోజులు కడుపునిండా పెట్టి, నీడపట్టున కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పడమే మా పని.

యిది కొత్తగా పుట్టిన పనేమీ కాదు. ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో రాబర్టు రైక్సు అనే పత్రిక ముద్రాపకుడు 1780లో ఆదివారపు బడి పెట్టాడు. వారమంతా గుండుసూదుల కార్ఖానాల్లో పనిచేసే పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. ఆ రోజున వారికి అక్షరాలు నేర్పి, బైబిలు చదివించడం అతని వుద్దేశం. చెప్పే స్త్రీలకు ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున జీతం యిచ్చాడు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోదగ్గవి. ఆదివారపు బడి పుట్టింది చదువు రాని పిల్లలకు అక్షరాలు నేర్పడానికి. పుట్టిన నాడే దానికొక ఖర్చు వున్నది, ఆ ఖర్చు పంతులమ్మ జీతం. మన దేశంలో యీ బడులన్నిటినీ కలుపుతూ 1876లో అలహాబాదులో ఇండియా సండేస్కూలు యూనియను యేర్పడింది. సెలవుల బడి కథ గూడా యిటువంటిదే. న్యూయార్కులో 1898లో ఎలైజా హాస్ అనే డాక్టరు భార్య, వేసవిలో వీధుల్లో తిరిగే పిల్లలను చూడలేక, చోటు దొరకక ఒక బీరు దుకాణపు హాలును అద్దెకు తీసుకుని బడి నడిపింది. అక్కడ ఖర్చు అద్దె. మా దగ్గర చర్చి వరండా వున్నది గనుక అద్దె లేదు. మా ఖర్చు పొయ్యి దగ్గర.

లెక్క చెబితేగాని ఖర్చు అర్థం కాదు. నలభై మంది పిల్లలనుకోండి. పిల్లవాడికి నూరు గ్రాముల బియ్యం చొప్పున రోజుకు 4 కిలోలు. కందిపప్పు ఒక కిలో. కూరగాయలు 3 కిలోలు. నూనె అర లీటరు. పది రోజులకు 40 కిలోల బియ్యం, 10 కిలోల పప్పు, 30 కిలోల కూరగాయలు, 5 లీటర్ల నూనె. చింతపండు, వుప్పు, మిరపకాయలు, కట్టెలో గ్యాసో. యిది వంట. తరువాత పాఠం పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, కాగితాలు. తరువాత పాఠం చెప్పేవారి దారి ఖర్చులు. మొరప్పూరు నుంచి ఒక కాలేజీ కుర్రవాడు వస్తాడు, దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి షేరు ఆటోలో వస్తుంది. వారికి జీతం లేదు. దారి ఖర్చయినా యివ్వకుంటే యెన్ని రోజులు రాగలరు? పిల్లల దగ్గర పెద్దవారు ఒక్కరే వుండకూడదనీ, యెప్పుడూ యిద్దరుండాలనీ మా నియమం. పిల్లల రక్షణకు 2012లో చట్టమే వచ్చింది గదా. అందుచేత యీ ఖర్చు రెండింతలవుతుంది, తగ్గించడానికి వీలులేదు.

మేము చూచినంతలో, దాతలకు యిష్టమైన ఖర్చులు వేరు, బడికి అవసరమైన ఖర్చులు వేరు. బహుమతి కప్పులు కొనిపెడతామంటారు. పేరు వేసిన బ్యానరు కట్టిస్తామంటారు. చివరి రోజున లడ్డూలు పంచుతామంటారు. అన్నీ మంచివే. కాని నాలుగో రోజున నూనె అయిపోతే కొనేవారెవరు? ఆటో కుర్రవాడికి యిచ్చేవారెవరు? ఆటోకిచ్చిన డబ్బు మీద యెవరి పేరూ రాయలేము గనుక అది యెవరికీ గుర్తుండదు.

కొన్నేళ్ళ క్రిందట దూరదేశపు సంస్థ ఒకటి మా బడికి సహాయం చేయడానికి ముందుకు వచ్చింది. దాని పేరు చెప్పడం మాకిష్టం లేదు. మొదటి సంవత్సరం డబ్బు వచ్చింది, పిల్లలకు రంగు టోపీలు వచ్చాయి. రెండో సంవత్సరం పిల్లల ఫోటోలు కావాలన్నారు. నవ్వే ఫోటోలు కొన్ని, బీదగా కనబడే ఫోటోలు కొన్ని. సంఘంలో పెద్దమ్మ ఒకామె, "మా పిల్లలు సంతలో పశువులా, పళ్ళు చూపించి ధర చెప్పడానికి?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మూడో సంవత్సరం వంటమనిషిని మాట్లాడి, కొట్లో సరుకు అప్పుగా తెచ్చి, పిల్లలు వచ్చి కూర్చున్నాక, యీ యేడు పంపడం లేదని వుత్తరం వచ్చింది. పిల్లలను వెళ్ళిపొమ్మనడానికి యెవరికీ నోరు రాలేదు. బడి పది రోజులూ నడిచింది. కొట్టు అప్పు మాత్రం కోత పండుగ దాకా తీరలేదు.

కోత పండుగ సంగతి తెలియనివారికి ఒక మాట. పంట చేతికి వచ్చాక చర్చికి తలా ఒకటి తెస్తారు. రాగులు, వేరుశెనగ, కర్రపెండలం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవారు ఆ కాయను తిరిగి గుడికే యిస్తే మళ్ళీ వేలం. ఆ యేడు ఒకే గుమ్మడికాయ నాలుగు చేతులు మారింది. నాలుగోసారి పాడినామె దానిని యింటికి తీసుకుపోయి, కూర వండి, పిల్లలకే తెచ్చి పెట్టింది. కొట్టు అప్పు ఆ రోజున తీరింది. ఆ తరువాతనే మేము కూర్చుని ఆలోచించాము. అప్పు తీర్చగలిగినవాళ్ళం, అప్పు పడకుండా చూచుకోలేమా?

దూరపు డబ్బు విషయంలో చట్టం గూడా మారింది. బంధువులు పరదేశాల్లో వున్న కుటుంబాలు మనలో చాలా వున్నవి గనుక యిది తెలిసివుండాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో వచ్చింది, 2011 మే 1 నుంచి అమలయింది. 2020 సెప్టెంబరులో దానిని సవరించారు. దాని ప్రకారం రిజిస్టరయిన సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. ఆఫీసు ఖర్చులకు నూటికి 20 మించి వాడకూడదు, అంతకుముందు 50 దాకా వాడుకోవచ్చు. డబ్బు మొదట వచ్చి పడవలసింది ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే. పెద్ద సంస్థ చేతి నుంచి చిన్న పల్లె చర్చికి డబ్బు దిగివచ్చే దారి దీనితో మూసుకుపోయింది. బంధువుల సంగతి గూడా చెప్పుకోవాలి. భారత పౌరుడుగానే వుండి దుబాయిలో పనిచేసే అబ్బాయి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళంగా లెక్కకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న పిన్నమ్మ పంపితే, ఓసీఐ కార్డు వున్నా సరే, అది విదేశీ విరాళమే. అనుమతి లేని చర్చి దానిని పుచ్చుకోకూడదు. ప్రేమతో పంపిన డబ్బు పుచ్చుకున్నవారిని చిక్కుల్లో పెట్టకూడదు గదా.

యిక దగ్గర దారి యేమిటి? అది మన పెద్దవాళ్ళకు తెలిసినదే. పిడికెడు బియ్యం. అన్నానికి యెసరు పెట్టి బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. డోర్నకల్ ప్రాంతపు తెలుగు సంఘాలలో బిషప్ అజరయ్యగారి కాలంలో స్త్రీలు యిలా దాచిన బియ్యాన్ని గుడికి తెచ్చి కానుకగా పోసేవారు. డబ్బు కంటికి కనబడని బీద సంఘాలవి. మిజోరాంలో గూడా 1910 నుంచి యీ పద్ధతి నడుస్తున్నది.

అజరయ్యగారు తమిళులు. 1874లో తిరునెల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. 1903లో ఆయనా, ఆయన మిత్రులూ కలిసి పాళయంకోట్టలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. పరదేశపు డబ్బు లేకుండా మనవారి డబ్బుతో, మనవారి చేతుల మీద పని జరగాలన్నది వారి పట్టు. ఆ డబ్బుతో వారు యెంచుకున్న పొలం డోర్నకల్, అంటే తెలుగు నేల. 1912 డిసెంబరు 29న అజరయ్యగారు కలకత్తాలో ఆంగ్లికను బిషపుగా అభిషేకం పొందారు. ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా తెలుగువారి మధ్యనే వున్నారు. తమిళ యిళ్ళలో కూడబెట్టిన కానుక తెలుగు పల్లెలకు పోయిందన్నమాట. తమిళ నేల మీద బతుకుతున్న తెలుగువాళ్ళం మనం, యీ మాట మరిచిపోరాదు.

పిల్లలు పుచ్చుకోవడమే గాదు, యివ్వడం గూడా వున్నది. సేలంలో 1827లోనూ, విశాఖపట్నంలో 1805లోనూ పని మొదలుపెట్టినది లండన్ మిషను. ఆ మిషనుకు 1844లో దక్షిణ సముద్రపు దీవులకు పోవడానికి ఒక ఓడ కావలసివచ్చింది. ఇంగ్లండులోని పిల్లలు చిల్లరడబ్బులు పోగుచేసి ఆరు వేల పౌన్లకు పైగా యిచ్చారు. జాన్ విలియమ్స్ అని పేరు పెట్టిన ఆ ఓడ పిల్లల ఓడ అనిపించుకుంది. చిన్న చేతులు యిచ్చినవే అయినా, లెక్కపెట్టి ఒకచోట చేర్చితే ఓడ అయింది.

మా లెక్క ఓడంత పెద్దది కాదు. పిడికెడంటే 40 గ్రాములనుకుందాము. రోజుకొకటి చొప్పున నెలకు 1 కిలో 200. సంవత్సరానికి 14 కిలోలకు పైగా. మూడిళ్ళవారు యేడాది పాటు తప్పకుండా తీస్తే పది రోజుల బడికి కావలసిన 40 కిలోలు దాటుతుంది. మూడే యిళ్ళు! యీ లెక్క మేము పలకమీద వేసి చూపించినప్పుడు సంఘంలో నవ్వినవారున్నారు. "దీనికోసమా మనం సముద్రం అవతలికి వుత్తరాలు రాసింది?" అన్నాడొక తాత.

అయితే బియ్యం దొరికినంత మాత్రాన తగువు తీరలేదు. అసలు తగువు తెలుగు గురించి. సంఘ పెద్దలలో కొందరు, రెండు భాషల పుస్తకాలు కొనడానికి డబ్బు లేదు, తమిళం ఒక్కటే పెడదామన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడిలో మొదటి తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లలు చదివేది తమిళమే, తెలుగు అక్షరం వారికి బడిలో కనబడదు. తెలుగు పుస్తకం కొనియిస్తే బొమ్మలు చూచి మూసేస్తారు. కాని అవతలివైపు గూడా చూడాలి. అవ్వ పెట్టెలో తెలుగు బైబిలు వున్నది, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం వున్నది. అంచుల్లో తాత చేతిరాతతో పుట్టిన తేదీలు, పెళ్ళి తేదీలు రాసివున్నవి. అవ్వ పోయిన తరువాత వాటిని విప్పి చదివేవారెవరు? యిల్లు తప్ప తెలుగు వినబడే చోటు మా పిల్లలకు చర్చి ఒక్కటే. అక్కడ గూడా మానేస్తే, డబ్బు లేదన్న పేరు మీద భాషను సాగనంపినట్లవుతుంది.

రెండు ఆదివారాలు మాటలు పెరిగాయి. ఒక యింటివారు అలిగి రావడం మానేశారు గూడా. చివరకు ఖర్చును విడదీసి చూచాక దారి కనబడింది. పాఠం పుస్తకం తమిళంలోనే, అందరికీ ఒకటే. పాటలు రెండు భాషల్లోనూ, వాటికి ఖర్చు లేదు. భోజనానికి ముందు అరగంట తెలుగు అక్షరాలు. దానికి కావలసినవి పలకలు, బలపాలు, పెద్దబాలశిక్షలు నాలుగు, వోపికగల యిద్దరు అవ్వలు. అవ్వలు చర్చిలోనే వున్నారు. బాలశిక్షలు తిరుపతి వెళ్ళినవారు తెచ్చారు. యింత చిన్న ఖర్చు కోసం యింత పెద్ద తగువు పడ్డామా అని అందరూ ఆశ్చర్యపోయారు.

తరువాత ఒక పెద్ద కాగితం మీద కావలసినవన్నీ రాసి చర్చి గోడకు అంటించాము. డబ్బు మాట యెత్తలేదు. బియ్యం, పప్పు, నూనె, కట్టెలు, చింతపండు, పలకలు, మొరప్పూరు అబ్బాయి టిక్కెట్టు, పల్లె అమ్మాయి ఆటో, గిన్నెలు తోమే చేతులు అని ఒక్కొక్క గీతకు ఒక్కొక్కటి. యెవరి వల్ల అయినది వారు యెదుట పేరు రాయవచ్చు. బ్యానరు అన్న గీత లేనేలేదు. మొదట నిండిన గీత యేదో తెలుసునా? గిన్నెలు తోమడం. అది రాసినవారు కాలేజీ చదివే యిద్దరు మగపిల్లలు. ఆఖరిదాకా ఖాళీగా వున్నది ఆటో. దానికి ప్రతి సంవత్సరం యెవరినో ఒకరిని చేయి పట్టుకుని అడగవలసివస్తున్నది.

మా పక్కింటి అమ్మగారిది వైష్ణవ కుటుంబం. ఆ కాగితం సంగతి విని పది రోజులూ బిందెడు మజ్జిగ పంపింది. "పిల్లలు తాగే మజ్జిగకు మతమేమిటమ్మా?" అన్నది. తన మనవరాలిని తెలుగు అరగంటకు మాత్రం పంపుతానన్నది. అలాగే పంపమన్నాము. ఆ పిల్ల అక్షరాలు దిద్దుకుని, మజ్జిగ తాగి, యింటికి వెళ్ళేది. యే యింటి పిల్లయినా పెద్దల మాట మీదనే రావాలనీ, పెద్దలు వద్దన్నదానిలో కూర్చోబెట్టకూడదనీ మా పద్ధతి. యిరుగుపొరుగు నమ్మకం పోతే అది యే చందాతోనూ తిరిగిరాదు.

పదకొండో రోజున మరొక కాగితం అంటించాము. యెవరేమిచ్చారు, యెంత ఖర్చయింది, యేమి మిగిలింది. మూడు కిలోల బియ్యం మిగిలితే మూడు కిలోలనే రాశాము. పిల్లలు తమ యింటి పేరు యెక్కడున్నదో వెదికి, పిడికెడు బియ్యం యింటివారి పేరూ, పది కిలోల పప్పు యింటివారి పేరూ ఒకే సైజు అక్షరాలలో వుండడం చూచారు. ఆ సంవత్సరం తెలుగు నేర్చుకున్న పన్నెండుమందిలో అయిదుగురు క్రిస్మసు నాటికి కీర్తన చూచి కూడబలుక్కుని చదవగలిగారు. మిగతా యేడుగురికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. అలిగిన యింటివారు యింకా రాలేదు. వారి పిల్లల కోసం రెండు పలకలు బీరువాలోనే వుంచాము.

మన సంఘపు కుటుంబాలకు మా మనవి యిది. మీ వూళ్ళో పిల్లల కోసం యెవరైనా చందాకు వస్తే వెంటనే యివ్వకండి, పొమ్మనకండి. కూర్చోబెట్టి, మజ్జిగ యిచ్చి, "మీ దగ్గర యే గీత ఖాళీగా వున్నది?" అని అడగండి. వారు చెప్పలేకపోతే లెక్క రాసుకుని రమ్మనండి. చెప్పగలిగితే ఆ గీత మీది చేసుకోండి, ఒక్క యేడాది గాదు, మూడేళ్ళకు మాట యివ్వండి. ఆటోనే ఖాళీ అంటారేమో. అయినా సరే, దాని యెదుటనే మీ పేరు రాయండి.